26/11 – ముంబై ఖబరస్తాన్ నిర్ణయం, దాని వెనకున్న మసలా

2008 నవంబర్ 26 రాత్రి సముద్రం మీదుగా వచ్చిన 10 మంది ముష్కరులు ముంబైపై విరుచుకుపడ్డారు. తాజ్, ఒబెరాయ్ హోటళ్ళు, నారిమన్ హౌస్, లియోపోల్డ్ కేఫ్, కామా ఆసుపత్రి పరిసరాలు, ఛత్రపతి శివాజీ టెర్మినస్ (సీఎస్‌టీ) వాళ్ళ గురి. 29వ తేదీ ఉదయం దాకా సాగిన ఈ మారణకాండలో 166 మంది చనిపోయారు. ఒక్క సీఎస్‌టీలోనే 58 మంది. వాళ్ళలో ఎక్కువమంది దూరపు రైళ్ళ కోసం మూటాముల్లె సర్దుకుని కూర్చున్న మామూలు జనం. ముంబై – చెన్నై రైలు దారి యర్రగుంట్ల, కడప మీదుగానే పోతుంది. గల్ఫ్‌కు పోయేవాళ్ళు చాలామంది ఒకప్పుడు బొంబాయిలోనే విమానం ఎక్కేవాళ్ళు. కాబట్టి వల్లూరు, ప్రొద్దుటూరు, జమ్మలమడుగు వైపు కుటుంబాలకు ఆ స్టేషన్ ఎక్కడో ఉన్న పరాయి చోటు కాదు.

తూటాలు మతం అడగలేదు. మృతుల్లో హిందువులు, ముస్లింలు, క్రైస్తవులు, యూదులు అందరూ ఉన్నారు. సీఎస్‌టీ దగ్గర టీ అమ్ముకునే ‘ఛోటూ చాయ్‌వాలా’ మొహమ్మద్ తౌఫీక్ షేక్ ఆ రాత్రి గాయపడినవాళ్ళను ఆసుపత్రికి చేర్చడానికి సాయం పట్టాడు. హేమంత్ కర్కరే, విజయ్ సలస్కర్, అశోక్ కామ్టే, తుకారాం ఓంబ్లే, మేజర్ సందీప్ ఉన్నికృష్ణన్ వంటివారు విధి నిర్వహణలో ప్రాణాలిచ్చారు.

దాడి ముగిశాక జేజే ఆసుపత్రి శవాగారంలో 9 మంది ముష్కరుల మృతదేహాలు మిగిలాయి. పదోవాడు కసబ్ ప్రాణాలతో పట్టుబడ్డాడు. ఎవరూ అడగని శవాలను మతం ప్రకారం ఖననం చేయించడం మామూలుగా జరిగే పని. అయితే మెరైన్ లైన్స్‌లోని బడా ఖబరస్తాన్‌ను చూసుకునే ముస్లిం జామా మస్జిద్ ట్రస్ట్ ఆ 9 మందికి జాగా ఇచ్చేది లేదని ఖరాఖండిగా చెప్పింది. అమాయకుల్ని చంపినవాళ్ళను ముస్లింలని పిలవలేమన్నది వాళ్ళ మాట. నగరంలోని మిగతా ముస్లిం సంస్థలు కూడా దీన్నే బలపరిచాయి.

ఇక్కడే చాలామంది రెండు విషయాలను కలిపేస్తుంటారు. జనాజా నమాజు వేరు, దఫన్ వేరు. ప్రజల మీద ఆయుధమెత్తిన తిరుగుబాటుదారులు, దారిదోపిడీగాళ్ళు పోరులో చస్తే వాళ్ళకు జనాజా నమాజు చదవరాదని హనఫీ ఫిఖహ్ గ్రంథాలు చెబుతాయి. ఖుదూరీ వంటి మదర్సా పాఠ్యగ్రంథంలోనే ఈ మసలా ఉంది. కానీ శవాన్ని మట్టికి అప్పజెప్పడం మనిషి దేహానికి ఇచ్చే కనీస గౌరవం. దాన్ని పూర్తిగా ఎగ్గొట్టమని ఎవరూ చెప్పలేదు. అందుకే ముంబై నిర్ణయాన్ని షరీఅత్ తీర్పుగా కాకుండా, ‘మా పెద్దల సమాధుల పక్కన వీళ్ళు వద్దు’ అన్న నిరసనగా చూడటమే సబబు. ట్రస్ట్ తన ఖబరస్తాన్ వరకే మాట్లాడింది. చివరికి ప్రభుత్వమే 2010 జనవరిలో గుట్టుగా ఖననం చేయించింది. ఆ సంగతి ఏప్రిల్‌లో గానీ బయటకు రాలేదు, అప్పటి హోంమంత్రి ఆర్.ఆర్. పాటిల్ వెల్లడించారు. అంటే ఏడాదికి పైగా ఆ శవాలు అక్కడే ఉండిపోయాయి.

ఆ ఏడాది బక్రీద్ డిసెంబర్ 9న వచ్చింది. దాడి జరిగి రెండు వారాలు కూడా కాలేదు. పండుగను నిరాడంబరంగా జరుపుకోవాలని, చేతికి నల్లబ్యాడ్జీ కట్టుకుని నమాజుకు రావాలని పలు సంస్థలు పిలుపునిచ్చాయి. జనం స్పందించారు కూడా. సోగ్ పాటించడం మూడు రోజులే, భర్త పోయిన స్త్రీకి మాత్రం 4 నెలల 10 రోజులన్నది హదీసులో ఉన్న మాట. నల్లబ్యాడ్జీ దానికిందికి రాదు. అది ‘ఈ పని మా పేరున చేయొద్దు’ అని చెప్పే గుర్తు.

ముంబై దాడి తర్వాతే ఉలమా నోరు విప్పారనుకోవడం తప్పు. 2008 ఫిబ్రవరిలోనే దారుల్ ఉలూం దేవబంద్ ఉగ్రవాద వ్యతిరేక సదస్సు పెట్టింది. మే 31న ఢిల్లీ రాంలీలా మైదానంలో ఫత్వా ప్రకటించారు. నవంబర్ మొదట్లో, అంటే ముంబై దాడికి మూడు వారాల ముందు, హైదరాబాద్‌లో జరిగిన జమియత్ ఉలమా-ఎ-హింద్ సభల్లో వేలాది ఉలమా ఆ ఫత్వాను బలపరిచారు. ఒక అమాయకుడి ప్రాణం తీయడం మొత్తం మానవాళిని చంపడంతో సమానమన్న సూరహ్ మాయిదా 32వ ఆయత్ భావమే దానికి పునాది.

ఆ సభలకు హైదరాబాద్ వేదిక కావడానికి నేపథ్యం ఉంది. 2007 మే 18న జుమా వేళ మక్కా మస్జిద్‌లో బాంబు పేలి 9 మంది, తర్వాత పోలీసు కాల్పుల్లో మరో ఐదుగురు చనిపోయారు. అదే ఏడాది ఆగస్టు 25న లుంబినీ పార్క్, గోకుల్ చాట్ దగ్గర జరిగిన పేలుళ్ళు 40 మందికి పైగా బలి తీసుకున్నాయి. మక్కా మస్జిద్ కేసులో పట్టుకెళ్ళిన ముస్లిం యువకుల్లో చాలామంది తర్వాత నిర్దోషులుగా తేలారు. వాళ్ళకు అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం నష్టపరిహారం, సత్ప్రవర్తన పత్రాలు ఇచ్చింది.

‘ప్రతిసారీ మేమే దేశభక్తి రుజువు చేసుకోవాలా’ అన్న ప్రశ్న ఇళ్ళల్లో లేస్తున్నది ఇందుకే. ఆ ప్రశ్నలో న్యాయం ఉంది. బొంబాయి ట్రస్ట్ మాత్రం ఎవరో అడిగితే జవాబు చెప్పినట్టు కాకుండా, తన చేతిలో ఉన్న జాగా గురించి తానే నిర్ణయం తీసుకుంది. కోర్టులూ తమ పని చేశాయి: కసబ్‌తో పాటు విచారణ ఎదుర్కొన్న భారతీయులు ఫహీం అన్సారీ, సబావుద్దీన్ అహ్మద్‌లను 2010 మేలో ప్రత్యేక కోర్టు ఈ కేసులో నిర్దోషులుగా వదిలేసింది. 2012 ఆగస్టులో సుప్రీంకోర్టు కూడా అదే ఖాయం చేసింది. కసబ్‌ను 2012 నవంబర్ 21న పుణె ఎరవాడ జైల్లో ఉరితీసి అక్కడే పూడ్చారు.

ఉగాదినాడు ముస్లింలు దేవుని కడప గుడికి వెళ్ళే, పెద్ద దర్గా ఉర్సుకు హిందువులు వచ్చే జిల్లా ఇది. పొరుగింటివాడు ఏ మతమైనా చావు దగ్గరికి వెళ్ళి పరామర్శించడానికి ఇక్కడ ఎవరూ ఫత్వా అడగరు. నవంబర్ 26 రాజ్యాంగ దినోత్సవం కూడా; 2015 నుంచి ఆ రోజు బడుల్లో పీఠిక చదివిస్తున్నారు. పిల్లలు ఇంటికొచ్చి ఆ తేదీ గురించి అడిగినప్పుడు సీఎస్‌టీ, బడా ఖబరస్తాన్ రెండూ చెప్పొచ్చు.