తక్కెడ, పద్దు, వారం వారం సభ

బరువు తగ్గదలచినవారు ఏమి తినాలి, ఏమి మానాలి అన్న విషయమై ఐరోపాలోను, ఆ తరువాత అమెరికాలోను నాలుగున్నర శతాబ్దాలుగా వెలువడిన రచనలను వరుసగా పరిశీలిస్తే, ఉపదేశం చాలావరకు పాతదే అయినా, దానిని మనిషి చేత తప్పకుండా పాటింపజేసే ఏర్పాటు మాత్రం తరతరానికీ మారుతూ వచ్చిందని తెలుస్తుంది. పథ్యం మొదలుపెట్టడం ఎవరికైనా సాధ్యమే. మూడో వారంలోనో, మూడో నెలలోనో సడలిపోయే పట్టును ఎవరు బిగించాలి, దేనితో బిగించాలి అన్న ప్రశ్నకు ఒక్కొక్క కాలం ఒక్కొక్క సమాధానం వెతికింది.

ఇటలీలోని పాదువా నగరానికి చెందిన సంపన్నుడు లూయిజీ కొర్నారో 1558లో ప్రచురించిన మితాహార గ్రంథంలో ఆ సమాధానం కేవలం కొలత. తిండి, తాగుడు మితిమీరి నడివయసులోనే ఆరోగ్యం పాడుచేసుకున్న ఆయన, వైద్యుల సలహాపై రోజుకు 12 ఔన్సుల ఆహారానికి, 14 ఔన్సుల ద్రాక్షసారాయికి పరిమితమయ్యాడు (ఔన్సు అంటే నేటి లెక్కలో సుమారు 28 గ్రాములు). వృద్ధాప్యంలో బంధుమిత్రులు ఈ కాస్త తిండితో ప్రాణం ఎలా నిలుస్తుందని పోరుపెట్టగా, రెండింటినీ రెండేసి ఔన్సులు పెంచి, కొద్దిరోజుల్లోనే జ్వరంతో మంచాన పడి, మళ్లీ పాత కొలతకే వచ్చానని ఆయన రాసుకున్నాడు. జ్వరానికి కారణం ఆ రెండు ఔన్సులేనా అన్నది సందేహాస్పదమే గాని, పథ్యానికి మొదటి గండం ఇంటివాళ్ల ప్రేమ రూపంలోనే వస్తుందన్న సంగతి, కొసరి కొసరి వడ్డించడమే మర్యాదగా భావించే తెలుగు ఇళ్లలోని పాఠకులకు వేరుగా చెప్పనక్కరలేదు.

అదే పాదువాలో వైద్యశాస్త్రం బోధించిన సాంటోరియో సాంటోరియో ఆ కాపలాను యంత్రానికి అప్పగించాడు. ఒకవైపు బరువు గుండు జరిపే పొడవాటి తూనిక కడ్డీకి కుర్చీని వేలాడదీసి, దానిలో కూర్చుని భోంచేస్తూ, ముందుగా నిర్ణయించుకున్న ఆహారం కడుపులోకి చేరగానే కుర్చీ కిందికి దిగేటట్లు అమర్చుకున్నాడు. కుర్చీ దిగితే భోజనం ముగిసినట్లే. తిన్నదానిని, తాగినదానిని, విసర్జించినదానిని ఏళ్ల తరబడి తూచి, లెక్కకు అందని మిగతా భాగం కంటికి కనిపించని స్వేదంగా పోతున్నదని ఆయన 1614లో ప్రకటించాడు. ఆయన వెతికింది ఆరోగ్యపు సమతూకాన్నే తప్ప సన్నబడే దారిని కాదు. అయినా తన శరీరాన్ని తానే నిత్యం తూచి పద్దు రాసుకునే అలవాటుకు ఆ కుర్చీనే మూలంగా చెప్పుకోవచ్చు.

సామాన్యంగా వస్తువులకే వాడే తక్కెడ మనుషులకు అలవాటు కావడానికి మరో శతాబ్దం పైగా పట్టింది. లండన్ సెయింట్ జేమ్స్ వీధిలో 1698లో కాఫీ, కిరాణా దుకాణంగా మొదలై, తరువాత ద్రాక్షసారాయి వ్యాపారంగా మారిన బెర్రీ వారి అంగడిలో, కాఫీ బస్తాలు తూచే పెద్ద త్రాసులో 1765 నుంచి ఖాతాదారులను కూడా తూచి, ఆ బరువును తోలు అట్టల పుస్తకాల్లో పేరుపేరునా ఎక్కించడం ఆచారమైంది. బూట్లు తొడుక్కుని తూగారా, లేదా అన్న వివరం సైతం కొన్ని పద్దుల్లో కనిపిస్తుంది. కవి బైరన్ 1806లో తూగినప్పుడు 13 స్టోన్ల 12 పౌన్లు, అంటే సుమారు 88 కిలోలు ఉన్నాడు. ఆ తరువాత ఆయన తిండి తగ్గించడమే కాక, చెమట పట్టడానికి ఏడు వెయిస్టుకోట్లు, వాటిపై పెద్ద కోటు తొడుక్కుని పరుగెత్తి క్రికెట్ ఆడేవాడు. అయిదేళ్లలో బాగా చిక్కిపోయినా, ఆ నియమం జీవితాంతం ఒకే తీరున నిలవలేదు.

ఆ వీధిలోనే వ్యాపారం నడిపిన విలియం బాంటింగ్ కథ మరింత నిదానంగా పరిశీలించదగినది. రాజకుటుంబీకుల అంత్యక్రియలకు ఏర్పాట్లు చేసే సంస్థకు అధిపతి అయిన ఈయన, 5 అడుగుల 5 అంగుళాల ఎత్తుకు 202 పౌన్ల (సుమారు 92 కిలోల) బరువుతో, వంగి బూటు తాడు కట్టుకోలేక, కీళ్లపై భారం తగ్గించుకోవడానికి మెట్లు వెనక్కి తిరిగి దిగేవాడు. వ్యాయామం చేయమని ఒక వైద్యుడు చెప్పగా, నదికి దగ్గరలోనే ఇల్లు ఉన్నందున, తెల్లవారుజామున రెండేసి గంటలు పడవ తెడ్డు వేశాడు. కండబలం పెరిగింది గాని దానితోపాటు ఆకలి కూడా విపరీతంగా పెరిగి, ఆకలికి తగ్గట్టు తినడంతో బరువు ఇంకా ఎక్కువ కాగా, చివరకు ఆ వైద్యుడే తెడ్డు మానమన్నాడు.

1862 ఆగస్టులో, తన 66వ ఏట, చెవుడు సమస్యతో విలియం హార్వే అనే చెవి వైద్యుని దగ్గరకు వెళ్లడం మలుపు అయింది. కాలేయం చక్కెరను తయారుచేసే తీరుపై పారిస్‌లో క్లాడ్ బెర్నార్డ్ చేసిన ఉపన్యాసాలు విన్న హార్వే, రొట్టె, వెన్న, పాలు, చక్కెర, బీరు, బంగాళాదుంపలు మాన్పించి, మాంసం, చేపలు, కూరగాయలు, కొద్దిపాటి కాల్చిన రొట్టె తినమన్నాడు. 1863లో బాంటింగ్ స్వయంగా అచ్చువేయించి ఉచితంగా పంచిన చిన్న పుస్తకం ఆహార పట్టిక వల్ల ప్రసిద్ధి పొందినా, అందులో చివరన ఉన్న బరువుల పట్టిక అంతకంటే విలువైనది. దాదాపు మూడేసి వారాలకు ఒకసారి తూగి రాసుకున్న ఆ లెక్కలో మొదట మూడేసి, నాలుగేసి పౌన్లు తగ్గినవాడు, 1863 జనవరి నుంచి మార్చి వరకు విడతకు రెండేసి పౌన్లే తగ్గి, ఏప్రిల్‌లో మళ్లీ మూడేసికి వచ్చి, సెప్టెంబరు 12 నాటికి 156 పౌన్ల దగ్గర ఆగాడు. ఏడాదిలో మొత్తం 46 పౌన్లు. పథ్యం చేసేవారు విసిగి వదిలేసేది సాధారణంగా ఆ రెండేసి పౌన్ల నెలల్లోనే అని గమనిస్తే, ఈ పట్టిక అతని చేతిలో ఎందుకంత పనిచేసిందో అర్థమవుతుంది: తగ్గుదల నెమ్మదించినా ఆగలేదని కాగితం చెబుతూనే ఉంది. వైద్యుడు కాని మనిషి వైద్యం చెప్పడమేమిటని అప్పటి వైద్యులు వెక్కిరించారు. 2017-18 ప్రాంతంలో వీరమాచినేని రామకృష్ణ అన్నం మాన్పించి కొబ్బరినూనె, నిమ్మకాయలతో కూడిన పద్ధతిని ప్రచారం చేసినప్పుడు తెలుగు ఊళ్లలో సభలకు జనం పోటెత్తడం, వైద్యులు అభ్యంతరాలు చెప్పడం చూసినవారికి ఈ వివాదం కొత్తగా అనిపించదు. బాంటింగ్ మాత్రం 1878లో, 81 ఏళ్ల వయసులో మరణించాడు.

1880ల నుంచి నాణెం వేస్తే బరువు చూపే కాటాలు పాశ్చాత్య నగరాల్లో వెలిశాయి. రంగుదీపాలు తిరుగుతూ, ఒకపక్క బరువు, రెండోపక్క జాతకం అచ్చువేసిన అట్టముక్క ఇచ్చే మన రైల్వే స్టేషన్ల యంత్రం వాటి సంతతే. ఆ దశాబ్దాల్లోనే అమెరికాలో విల్బర్ ఆట్‌వాటర్ మనిషిని ఒక గదిలో ఉంచి అతని శరీరం వెలువరించే వేడిని కొలవడంతో, కిలో నీటిని ఒక డిగ్రీ సెల్సియస్ వేడెక్కించే శక్తి అయిన కెలోరీ, ఆహారానికి కూడా కొలమానమైంది. లాస్ ఏంజెలెస్ వైద్యురాలు లూలూ హంట్ పీటర్స్ 1918లో రాసిన పుస్తకం ఆ లెక్కను వంటింటికి చేర్చింది. యుద్ధకాలపు ఆహార పొదుపును దేశభక్తిగా చూపుతూ, మహిళలు గుంపుగా చేరి కలిసి తూగాలని కూడా ఆమె ప్రోత్సహించింది.

గుంపు కాపలాను వ్యవస్థగా మార్చినది న్యూయార్క్ గృహిణి జీన్ నిడెచ్. 1961లో 214 పౌన్ల బరువుతో ఆమె నగర ఆరోగ్య శాఖ నడిపే ఉచిత వైద్యశాలకు వెళ్లగా, అక్కడ వారానికి అయిదుసార్లు చేపలు, రోజుకు రెండు రొట్టె ముక్కలు, రెండు గ్లాసుల వెన్నతీసిన పాలు వంటి కచ్చితమైన నియమం ఇచ్చారు. పది వారాల్లో 20 పౌన్లు తగ్గినా, స్నానాలగదిలో మాసిన బట్టల బుట్టలో బిస్కట్లు దాచుకుని తినే అలవాటును ఆమె వైద్యశాలలో నోరు విప్పి చెప్పలేకపోయింది. లావుగా ఉన్న ఆరుగురు స్నేహితురాళ్లను ఇంటికి పిలిచి అదే మాట చెప్పగానే, వారూ తమ తమ దాపరికాలు బయటపెట్టారు. వారం వారం సాగిన ఆ కూటమికి రెండు నెలల్లోనే నలభైమంది వరకు రాసాగారు. 1962 అక్టోబరు నాటికి ఆమె 142 పౌన్లకు దిగింది. 1963 మేలో వెయిట్ వాచర్స్ సంస్థ ఏర్పడి, 1978లో హైంజ్ కంపెనీ చేతికి వెళ్లింది. తడబడినవాడు తనలాగే తడబడినవారి ముందు ఆ సంగతి ఒప్పుకునే వీలు కల్పించడమే అక్కడ జరిగిన కొత్త పని; ఆ నియమాల్లో బాంటింగ్ ఆశ్చర్యపోయేవి ఎక్కువ లేవు. అయితే తగ్గి, మళ్లీ పెరిగి తిరిగివచ్చే సభ్యుని రుసుము కూడా ఆదాయమే కాబట్టి, శాశ్వతమైన విజయం ఇటువంటి వ్యాపారానికి అంత లాభసాటి కాదన్న విమర్శను తోసిపుచ్చడం కష్టం.

తగ్గిన బరువును నిలుపుకున్నవారు ఏం చేస్తున్నారో విడిగా నమోదు చేసే ప్రయత్నం 1994లో గాని మొదలుకాలేదు. రీనా వింగ్, జేమ్స్ హిల్ అనే అమెరికన్ పరిశోధకులు ప్రారంభించిన జాతీయ నమోదు పుస్తకంలో, కనీసం 13.6 కిలోలు తగ్గి ఏడాదిపాటు నిలుపుకున్నవారినే చేర్చుకోగా, పదివేలమందికి పైగా చేరారు. వారిలో 75 శాతం మంది వారానికి ఒకసారైనా తూగుతున్నారు. 90 శాతం మంది రోజూ సగటున గంటసేపు వ్యాయామం చేస్తున్నారు, అందులోనూ నడకదే మొదటి స్థానం. తామే ముందుకు వచ్చి చేరినవారి లెక్క కాబట్టి దీనిని అందరికీ వర్తింపజేయరాదు. అయినా బరువు దింపడంలో బాంటింగ్‌ను మోసగించిన వ్యాయామం, దిగిన బరువును పట్టి ఉంచడంలో వీరికి తోడ్పడుతున్నదని, తెడ్డుకు దక్కని పేరు కాలినడకకు దక్కడానికి అదే కారణమని ఊహించడానికి తగిన ఆధారం ఇందులో ఉంది.