రాక్షసి బొగ్గు కథ

కుంపటి ఎరిగిన తరం బహుశా మనతోనే ఆఖరేమో! మా అమ్మమ్మ బొగ్గుపొడిలో పేడ కలిపి, ఉండలు చేసి ఎండబెట్టేది. నేనూ పక్కన కూర్చుని చేతులు నల్లగా చేసుకునేదాన్ని. "రాక్షసి బొగ్గంటే ఏమిటి అమ్మమ్మా?" అంటే, "ఎప్పుడో అడవులు తగలబడితే మిగిలిందే తల్లీ" అనేది. మొన్న మా అబ్బాయి అడిగితే నేనూ ఆ మాటే చెప్పేశాను. తీరా వాడి పాఠం చూస్తే వేరేగా ఉంది. నా చదువు పదో తరగతితోనే ఆగిందనుకోండి, అయినా తల్లి తప్పు చెప్పిందనిపించుకోవడం ఎవరికిష్టం? పుస్తకాలు తిరగేశాను.

కట్టె కాలితే వచ్చేది కట్టెబొగ్గు. రాక్షసి బొగ్గు పుట్టుక అలా కాదు. అది పూర్తిగా కుళ్ళకుండా నేలలో నిలిచిపోయిన చెట్టు. మా కొండాపూర్ బొటానికల్ గార్డెన్‌లో రాలిన ఆకు చూస్తూండగానే మట్టిలో కలిసిపోతుంది, గాలి తగులుతుంది గనక. అదే ఆకు బురదనీటి అడుగున పడితే గాలి అందదు. ఆవకాయ మీద నూనె తేలుతున్నంతకాలం బూజు పట్టదు చూశారా, అలాగన్నమాట.

25 కోట్ల ఏళ్ళకు పూర్వం గోదావరి లోయంతా అలాంటి చిత్తడి అడవులే. గ్లాసాప్టెరిస్ అనే చెట్లుండేవి, ఆకు అచ్చం నాలుకలా ఉంటుంది. ఆకులూ కొమ్మలూ పొరలుగా పేరుకున్నాయి. లోయ కుంగుతూ వచ్చింది, పైన ఇసుక మేట వేసింది. ఆ బరువుకీ, లోపలి వేడికీ నీరంతా పోయి బొగ్గు మిగిలింది.

ఈ ఆకు గురించి ఇంకొక్క మాట చెప్పాలి. 1912లో దక్షిణ ధ్రువం నుంచి తిరిగివస్తూ కెప్టెన్ స్కాట్ బృందం మంచులో ప్రాణాలు విడిచింది. అంత అవస్థలోనూ వాళ్ళు పారేయకుండా లాక్కొచ్చిన సుమారు 16 కిలోల రాళ్ళలో ఈ నాలుకాకు గుర్తులున్నాయి! ఒకప్పుడు ఆ మంచునేలా మన నేలా ఒకే ఖండం. దాని పేరు గోండ్వానా, మన గోండుల పేరు మీద వచ్చిందే.

భద్రాచలం వెళ్ళే యాత్రికులు ఇల్లందు దగ్గర పొయ్యికని రాళ్ళు పెడితే ఆ రాళ్ళే అంటుకున్నాయని చెప్పుకుంటారు. 1871లో డాక్టర్ విలియం కింగ్ అక్కడ బొగ్గున్నట్టు తేల్చారు. ఒక పొరకి నేటికీ 'కింగ్ సీమ్' అనే పేరు. 1886లో ఇంగ్లండులో పెట్టిన హైదరాబాద్ దక్కన్ కంపెనీ హక్కులు పొందింది, 1889లో తవ్వకం మొదలైంది. 1920లో సింగరేణి కాలరీస్ అయింది.

మా కొండాపూర్‌లో అపార్ట్‌మెంటు పునాదులకి ఎంత తవ్వినా ఒక్క బొగ్గుముక్క దొరకదు. ఈ గ్రానైట్ సుమారు 250 కోట్ల ఏళ్ళ నాటిది. అప్పటికి నేల మీద చెట్టన్నదే పుట్టలేదు.

ఇదంతా చెబితే మా వాడు, "మరి ఇప్పుడు కొత్త బొగ్గు తయారవటం లేదా?" అన్నాడు. చిత్తడినేలల్లో ఇప్పటికీ ఆకులు పేరుకుంటూనే ఉన్నాయి, బొగ్గు కావాలంటే మళ్ళీ కోట్ల ఏళ్ళు పడుతుంది అన్నాను. "మనం ఎన్నాళ్ళలో కాల్చేస్తాం?" అన్నాడు. ఇల్లందులో తవ్వకం మొదలై నూట ముప్ఫై ఏళ్ళు దాటిందని మాత్రం చెప్పాను.