గోలకొండ కవుల సంచిక - వికేంద్రీకృత సామాజిక వేదికలు: నిల్వ, మనుగడ

1. ప్రవేశిక:
తెలుగు కవిత్వంలో కొంత భాగం నేడు నేరుగా సామాజిక మాధ్యమాల్లోనే వెలువడుతున్నది. ఒకే సంస్థ ఆధిపత్యం లేని వికేంద్రీకృత వేదికలు రచయితకు స్వేచ్ఛనిస్తాయి. అయితే అక్కడి రచన ఎంతకాలం నిలుస్తుందన్న ప్రశ్న మిగిలే ఉంది. దక్షిణ తెలంగాణ సాహిత్య చరిత్రకు ఈ ప్రశ్న కొత్తది కాదు.

2. సంస్థానాలు, పత్రికలు:
పాలమూరు ప్రాంతంలోని గద్వాల, వనపర్తి, ఆత్మకూరు, జటప్రోలు సంస్థానాలు వేటికవే స్వతంత్ర సాహిత్య కేంద్రాలుగా వర్ధిల్లాయి. తిరుపతి వేంకటకవుల వంటి అవధానులు ఈ ఆస్థానాలను దర్శించి సత్కారాలు పొందారు. కవుల రాకపోకల వల్ల పద్యం ఊరూరా వ్యాపించింది. రాతప్రతి మాత్రం ఆస్థానంలోనో, కవి ఇంటిలోనో ఉండిపోయింది. తాళపత్రానికి చెదలు, తేమ సహజ శత్రువులు. శిథిలం కాకముందే దానికి మరో ప్రతి రాయించాలి. 1948 తరువాత సంస్థానాల పోషణ అంతరించడంతో ఆ పని చేయించే ఆధారమూ సన్నగిల్లింది.

నల్లగొండలో 1922లో షబ్నవీసు వెంకట రామనరసింహారావు నీలగిరి పత్రికను స్థాపించారు. అదే ఏడాది ఇనుగుర్తి నుంచి ఒద్దిరాజు సోదరుల తెనుగు పత్రిక వెలువడింది. రాజధానికి దూరంగా పుట్టిన ఈ పత్రికలు వ్యక్తుల పూనికపైనే నడిచాయి, దీర్ఘకాలం నిలవలేకపోయాయి.

3. సేకరణ, పునర్వితరణ:
నిజాం రాష్ట్రంలో తెలుగు కవులు పూజ్యమన్న వ్యాఖ్యకు సమాధానంగా, పాలమూరు బిడ్డ సురవరం ప్రతాపరెడ్డి సంపాదకత్వంలో 1934లో గోలకొండ కవుల సంచిక వెలువడింది. అందులో 354 మంది కవులకు చోటు లభించింది. ఆత్మగౌరవ ప్రకటనగా దీని ప్రాముఖ్యం సుప్రసిద్ధం. నిల్వ దృష్టితో చూస్తే ఇందులో రెండు దశలు కనిపిస్తాయి. ఊళ్లలో విడివిడిగా ఉన్న పద్యాలు ఒకచోట చేరడం మొదటిది. అవి అచ్చు ప్రతులుగా మళ్లీ పాఠకుల ఇళ్లకు, గ్రంథాలయాలకు వెళ్లడం రెండవది. ఏ ఒక్క ప్రతి నశించినా గ్రంథం నశించని స్థితి రెండవ దశ వల్లనే ఏర్పడింది. సంచికకు పరిమితీ ఉంది. అది కవుల సమగ్ర రచనలను కాక, మచ్చుకు కొన్ని పద్యాలనే కాపాడగలిగింది.

4. నేటి వేదికలు:
2016లో మొదలైన మాస్టడాన్‌లో ప్రతి సర్వరూ ఒక చిన్న సంస్థానం వంటిది. 2018లో వెబ్ ప్రమాణంగా ఆమోదం పొందిన యాక్టివిటీపబ్ ద్వారా సర్వర్లు పరస్పరం సందేశాలు పంపుకుంటాయి. ఒక సర్వర్‌లోని రచనకు ఇతర సర్వర్లలో ప్రతులు ఏర్పడినా, వాటిని శాశ్వతంగా ఉంచాలన్న నియమం లేదు. స్థలాభావం వల్ల నిర్వాహకులు ఇతర సర్వర్ల నుంచి వచ్చిన చిత్రాలను, దృశ్యాలను తొలగిస్తుంటారు. ఖాతా మరో సర్వర్‌కు మారితే అనుచరులు వెంట వస్తారు. పాత రచనలు రావు. 2022లో మాస్టడాన్.టెక్నాలజీ సర్వర్ మూసివేత ప్రకటన వెలువడినప్పుడు, దాని సభ్యులు వేరే సర్వర్లు వెతుక్కోవలసి వచ్చింది. రచయిత తన రచనల ప్రతిని దించుకునే వీలుంది. అలా దించుకోని రచన సర్వర్‌తోపాటే మరుగునపడే ప్రమాదముంది.

5. ముగింపు:
వికేంద్రీకరణ ఒకరి పెత్తనాన్ని తప్పిస్తుందే తప్ప, భద్రతకు తానుగా హామీ ఇవ్వదు. పలుచోట్ల ప్రతులు, వాటిని కాలానుగుణంగా పునరుద్ధరించే బాధ్యత, అందుకు తగిన ఆర్థికాధారం ఉన్నప్పుడే రచన నిలుస్తుంది. 1934లో ఆ బాధ్యతను ఒక సంపాదకుడు స్వీకరించారు. నేడు ఆ పని విశ్వవిద్యాలయ తెలుగు శాఖలది, గ్రంథాలయాలది. రచయితల అనుమతితో వారి రచనలను సేకరించి, ఒకటికి మించిన చోట్ల భద్రపరచడం అవి వెంటనే చేపట్టదగిన కార్యం. సర్వర్ మూతపడిన తరువాత సేకరించడానికి ఏమీ మిగలదు.