లేబుల్ మీద పేరు

కలకత్తా ఫ్రీ స్కూల్ స్ట్రీట్‌లోని పాత రికార్డుల దుకాణాల్లో కొనేవాళ్ళు గీతల్ని బట్టి వెల కడతారు. నేను లేబుళ్ళు చదువుతాను. 1902లో ఈ నగరంలోనే గౌహర్ జాన్ గ్రామఫోన్‌కు పాడింది. రికార్డులు జర్మనీలోని హానోవర్‌లో తయారయ్యేవి. అక్కడివాళ్ళు గుర్తుపట్టేందుకు పాట చివర తన పేరు తనే ఇంగ్లీషులో చెప్పేది. తవాయిఫ్‌కు పేరు దాచుకోవలసిన అవసరం లేకపోయింది. తర్వాత చిత్తరంజన్ దాస్ సోదరి అమలా దాస్ పాడితే లేబుల్ మీద ‘మిస్ దాస్, అమెచ్యూర్’ అని వేశారు. పాట ఆమెకు వృత్తి కాదని, ఆమె ‘కుటుంబ స్త్రీ’ అని కొనేవాళ్ళకిచ్చిన హామీ అది. ఆ ఒక్క మాట గౌహర్ జాన్ విద్యను బజారు సరుకు చేసింది, అమల పేరును సగం చెరిపేసింది. స్త్రీల సంగీత చరిత్ర రాసేవాళ్ళు పాటలతోపాటు ఈ లేబుళ్ళనూ సాక్ష్యాలుగా చదవాలి. పాట వినిపించనంతగా అరిగిపోయిన రికార్డు మీద కూడా ఆ గీత స్పష్టంగానే కనిపిస్తుంది.