వాగులో చేపే అసలు లెక్క

అమెరికా పడమటి తీరాన ఒరెగాన్ రాష్ట్రంలో శరత్కాలపు వానలకు నదులు నిండగానే కోహో సాల్మన్ చేపలు పసిఫిక్ సముద్రం నుంచి ఎదురీదుతూ వస్తాయి. మన గోదావరిలోకి పులస వచ్చినట్టే ఇవీ గుడ్లు పెట్టడానికే వస్తాయి. అయితే కోహో చాలావరకు తాను పుట్టిన వాగునే వెతుక్కుంటూ వచ్చి, అక్కడే గుడ్లు పెట్టి చనిపోతుంది. దాని ఆయుష్షు సాధారణంగా మూడేళ్లు. సుమారు ఏడాదిన్నర మంచినీటిలో, మిగతా కాలం ఉప్పునీటిలో గడుపుతుంది. కాబట్టి ఈ ఏడు వాగుకు చేరిన తల్లిచేపలు తగ్గితే, ఆ లోటు మూడేళ్ల తర్వాత వచ్చే తరంలో బయటపడుతుంది. ఇలాంటి చేప విషయంలో లెక్క తప్పితే దిద్దుకునే వ్యవధి తక్కువ. ఒరెగాన్‌లో కోహో దాదాపు అంతరించే స్థితికి చేరడానికి మితిమీరిన వేటా, పాడైన వాగులూ కారణాలని అందరూ చెబుతారు. అది నిజమే. కానీ ఆ రెండింటినీ దశాబ్దాల పాటు కళ్లకు కనబడకుండా చేసింది తప్పుడు లెక్క. ఎంత పట్టామో, ఎన్ని పిల్లల్ని వదిలామో లెక్కపెట్టారు కానీ, గుడ్లు పెట్టడానికి ఎన్ని మిగిలాయో సరిగా లెక్కపెట్టలేదు.

ఈ తప్పుడు లెక్క మూలాలు పందొమ్మిదో శతాబ్దంలో ఉన్నాయి. కొలంబియా నది ఒడ్డున సాల్మన్‌ను డబ్బాల్లో నింపే ఫ్యాక్టరీలు విస్తరిస్తున్న రోజుల్లో, 1875లో అమెరికా మత్స్యశాఖ కమిషనర్ స్పెన్సర్ బేర్డ్ ఒక సలహా ఇచ్చారు. వేటను చట్టాలతో కట్టడి చేయడంకంటే గుడ్లను కృత్రిమంగా పొదిగించి పిల్లల్ని నదిలో వదలడమే మేలన్నది దాని సారాంశం. 1877లో క్లాకమాస్ నదిపై ఇలా గుడ్లు పొదిగించే కేంద్రం, అంటే ఒరెగాన్‌లోని తొలి హేచరీ వెలిసింది. మరోవైపు వాగుల్లో తాత్కాలిక ఆనకట్టలు కట్టి, ఆ నీటిని ఒక్కసారిగా వదిలి కలప దుంగల్ని దిగువకు తరలించే పద్ధతి అప్పట్లో మామూలు. గుడ్లు దాగే గులకరాళ్ల అడుగంతా ఆ వరదకు కొట్టుకుపోయేది. హేచరీ ఉందన్న ధీమా ఉన్నప్పుడు ఈ నష్టం నష్టంగా తోచలేదు. వాగు చేసే పని తొట్టి చేస్తుందనుకున్నారు.

1960 నాటికి మేత మెరుగైంది, రోగాలు అదుపులోకి వచ్చాయి. ఆ తర్వాత సముద్రమూ అనుకూలించడంతో హేచరీ కోహో విపరీతంగా పెరిగింది. వ్యాపార పడవలతో పాటు సరదాకు గాలం వేసేవారి పడవలూ సముద్రం మీద బారులు తీరాయి. పట్టిన కోహో సంఖ్య 1976లో శిఖరానికి చేరి, మరుసటి ఏడే కూలిపోయింది. పైకి కళకళలాడిన ఆ రోజుల్లోనే అసలు దెబ్బ తగిలింది. సముద్రంలో హేచరీ చేపా, వాగులో పుట్టిన అడవి చేపా కలిసే తిరుగుతాయి. కొద్ది తల్లిచేపలతోనే హేచరీ తన తరాన్ని నింపుకోగలదు కాబట్టి తన చేపల్లో అధికభాగం పట్టుబడినా తట్టుకుంటుంది. అంత భారీ వేటను అడవి చేప తట్టుకోలేదు. పట్టిన చేపల్ని మాత్రమే చూస్తే ఈ తేడా తెలియదు, మొత్తం సంఖ్య పెరుగుతున్నంతకాలం అడవి చేప తరుగుదల దాని చాటున దాగిపోయింది.

వాగుల్లో లెక్క అసలే లేదనలేం. 1950 నుంచి సిబ్బంది కొన్ని వాగుల వెంట నడిచి, గుడ్లు పెట్టే చేపల్నీ చచ్చిన చేపల్నీ ఏటా లెక్కిస్తూనే ఉన్నారు. అయితే చేపలు బాగా వచ్చే వాగులే ఎక్కువగా ఆ జాబితాలో ఉండేవి. వాటిని బట్టి తీరమంతటికీ అంచనా కట్టడంతో ఉన్నవాటికంటే ఎక్కువ చేపలు కాగితం మీద కనబడ్డాయి. 1990 ప్రాంతంలో వాగుల్ని యాదృచ్ఛికంగా ఎంచి నడవడం మొదలయ్యాకే చేపలు అనుకున్నదానికంటే తక్కువని తేలింది. ఈలోగా కీత్ జెఫర్ట్స్ అనే శాస్త్రవేత్త 1960లలో రూపొందించిన మిల్లీమీటరు పొడవు తీగముక్కను చేపపిల్ల ముక్కులో గుచ్చి, అది ఏ హేచరీదో తర్వాత గుర్తుపట్టే వీలు కలిగింది. తర్వాత హేచరీ చేపల్లో దాదాపు అన్నిటికీ వీపు మీద తోకవైపు ఉండే చిన్న కొవ్వు రెక్కను కత్తిరించడం మొదలైంది. ఆ రెక్క లేని చేపను ఇంటికి తీసుకెళ్లొచ్చు, ఉన్నదాన్ని వదిలేయాలి అన్న నియమం అలా సాధ్యమైంది. గాలం వేసేవాడు పట్టిన చేప తలను అధికారులకు అప్పగిస్తే అందులోని తీగముక్క లెక్కలో చేరుతుంది. సరదా వేటగాడు ఆ విధంగా లెక్కలో భాగస్వామి అయ్యాడు.

వాగులోనే లెక్కించాలన్న ఈ వాదనకు మూడు అభ్యంతరాలు వినిపిస్తాయి. మొదటిది, చేపల రాకను నిర్ణయించేది సముద్రమే, వాగులో లెక్కించి ఏం లాభమని. సముద్రం బలం కాదనలేనిది. 2014లో సుమారు మూడున్నర లక్షల అడవి కోహో తీర నదులకు తిరిగొస్తే, సముద్రం వేడెక్కిన మరుసటి ఏడు అరవై వేల లోపే వచ్చాయి. కానీ సముద్రాన్ని మనం శాసించలేం కాబట్టే లెక్క అవసరం. తల్లిచేపలు ఎన్ని వచ్చాయి, సముద్రంలో బతికే అవకాశం ఎంత అన్న రెండిటినీ కలిపి చూసి వేట పరిమితిని ఏటా నిర్ణయించే పద్ధతి 1990ల చివర వచ్చింది. ఏడాది ముందే తిరిగొచ్చే చిన్న మగచేపల సంఖ్యను బట్టి మరుసటి ఏటి రాకను అంచనా కడతారు.

రెండోది, హేచరీ చేపా అదే జాతి కదా, వేరుచేసి లెక్కించడమెందుకని. 1998లో ఈ తీరపు కోహోను ముప్పున్న జాతిగా ప్రకటించినప్పుడు సరిగ్గా ఈ వాదనే కోర్టుకెక్కింది. ఒకే సమూహంలోని హేచరీ చేపల్ని విడదీసి మిగతావాటికే రక్షణ ఇవ్వడం చెల్లదని 2001లో న్యాయమూర్తి మైకేల్ హోగన్ ఆ ప్రకటనను కొట్టేశారు. 2008లో అది మళ్లీ అమల్లోకి వచ్చింది. చట్టం సంగతి ఎలా ఉన్నా, వాగు చెప్పిన సాక్ష్యం ఉంది. తీరంలోని సాల్మన్ నదిలో కోహో హేచరీ పిల్లల్ని వదలడం ఆపాక, అక్కడి అడవి చేపల స్థితి మెరుగైందని పరిశోధకులు నమోదు చేశారు. మూడోది, గాలానికి పడే నాలుగు చేపల వల్ల ఏమవుతుందని. వదిలేసిన చేపల్లోనూ కొన్ని చనిపోతాయి. చేపలు తక్కువగా వచ్చిన ఏడాది ఆ కొన్నీ బరువే అవుతాయి, అందుకే వాటినీ పట్టినవాటి ఖాతాలోనే వేస్తారు.

లెక్కపెట్టినంత మాత్రాన చేపలు పెరగవు. ఒకప్పుడు అధికారులే అడ్డమనుకుని తీయించిన చెట్ల మొద్దుల్ని ఇప్పుడు తిరిగి వాగుల్లో వేయిస్తున్నారు. చలికాలపు వరదలో పిల్లచేపలు తలదాచుకునేది ఆ మొద్దుల నీడనే, బీవర్ జంతువులు కట్టే మడుగుల్లోనే. ఆ పని ఫలితం ఇచ్చిందో లేదో చెప్పగలిగేది మాత్రం వాగు వెంట నడిచి లెక్కించినవాళ్లే. బాగా వచ్చిన సంవత్సరాల్లో కొన్ని నదుల్లో అడవి కోహోను కూడా పరిమితంగా పట్టనివ్వగలిగారంటే, ఆ వెసులుబాటు ఈ లెక్క పుణ్యమే. కాబట్టి వాగుల సర్వేకు పెట్టే డబ్బు గాలం వేసే హక్కుకు పెట్టుబడి. ఖజానా ఇరుకున పడినప్పుడు ముందుగా కోతపడేది ఇలాంటి సర్వేలే. వేట పెంచమని అడిగే ప్రతి ఒక్కరూ ముందుగా వాటి కోసం నిలబడాలి.