నీళ్ళు కాచిన పొయ్యి, అన్నం వండిన పొయ్యి

పొయ్యి మంచిచెడ్డలు తేల్చడానికి శాస్త్రజ్ఞులు తొలినుంచీ ఎంచుకున్న వంటకం ఒక్కటే: నీళ్ళు. తూచిన కట్టెలు, కొలిచిన నీళ్ళు, ఒక ఉష్ణమాపకం, ఒక త్రాసు ఉంటే చాలు. వండేవారి చేతివాటం, ఉప్పూకారాల గొడవ ఇందులో ఉండవు. బెంగుళూరులో చేసినా హాలెండులో చేసినా ఫలితాలను పక్కపక్కన పెట్టి పోల్చుకోవచ్చు. అయితే ఏ ఇంట్లోనూ పూటకు నీళ్ళు వండుకుని తినరు. ఈ చిన్న తేడాను లెక్కలోకి తీసుకోవడానికి శాస్త్రలోకానికి దాదాపు అరవై ఏళ్ళు పట్టింది. ఆ చరిత్రలో మన హైదరాబాదుకూ, తెలంగాణ పల్లెలకూ చోటున్నదన్న సంగతి మనవాళ్ళలో ఎక్కువమంది దృష్టికి వచ్చినట్టు లేదు.

హైదరాబాదు ఇంజనీరింగు పరిశోధనాలయానికి చెందిన డా. ఎస్. పి. రాజు మట్టితో కట్టే పొగగొట్టపు పొయ్యి నొకదాన్ని రూపొందించి, 1953లో 'స్మోక్‌లెస్ కిచెన్స్ ఫర్ ది మిలియన్స్' అన్న పుస్తకం వెలువరించారు. ఆ పరిశోధనాలయం ఆంగ్లనామపు పొడి అక్షరాలతోనే ఆ పొయ్యికి 'హెర్ల్ చుల్హా' అని పేరు. వార్ధాలోని మగన్‌వాడీలో 1947లో తయారైన 'మగన్ చుల్హా' దీనికి తోబుట్టువు వంటిది. రాజుగారి ఉద్దేశం పుస్తకం పేరులోనే ఉంది. ఆయనకు ముందు కనబడింది పొగ; కట్టెల పొదుపు తరువాతి మాట. ఈ వరుసను గుర్తుంచుకోవాలి, ఎందుకంటే తరువాతి తరం దీన్ని తలకిందులు చేసింది.

1973లో చమురు ధరలు మండిపోయాయి. 1975లో ఎరిక్ ఎక్‌హోమ్ అనే అమెరికన్ రచయిత, పేదలకు అసలు ఇంధన సంక్షోభం వంటచెరకే అని రాశాడు. దానితో పొయ్యి ఒక్కసారిగా అడవుల సమస్య అయిపోయింది. పల్లె ఆడవాళ్ళు కట్టెలు కొట్టి అడవులను ఖాళీ చేస్తున్నారని అంతర్జాతీయ సంస్థలు బెంగపెట్టుకున్నాయి. (అడవుల నరికివేతలో పెద్దవాటా సాగుభూమి కోసమూ, కలప కోసమూ జరిగిందనీ, పల్లెవాసులు ఏరుకునేది చాలావరకు చితుకులూ ఎండుకొమ్మలూ అనీ తరువాత తేలింది. కానీ అప్పటికే నింద పడిపోయింది.) పొగ వెనక్కి వెళ్ళి, దక్షత ముందుకు వచ్చింది. బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలో అమూల్య రెడ్డి 1974లో నెలకొల్పిన 'ఆస్త్రా' విభాగం మూడు గిన్నెల పొయ్యిని తయారుచేసింది. హాలెండులోని ఐండ్‌హోవెన్ సాంకేతిక విశ్వవిద్యాలయంలో కృష్ణప్రసాద్ బృందం కట్టెల మంట లోపలి భౌతికశాస్త్రాన్ని శోధించింది. ఎవరి కొలత వారిదిగా ఉన్న ఆ రోజుల్లో, 1982లో అమెరికాలోని 'వీటా' అనే స్వచ్ఛంద సంస్థ నిపుణులను కూర్చోబెట్టి మూడంచెల పరీక్షాపద్ధతిని సిద్ధం చేయించింది.

అందులో మొదటిది నీళ్ళు మరిగించే పరీక్ష. రెండవది, ఆ ప్రాంతపు వంటకాన్ని ఆ ప్రాంతపు మనిషి చేత పరిశోధనశాలలో వండించి చూడడం. మూడవది, ఇంటికే వెళ్ళి, వంటలో జోక్యం చేసుకోకుండా, రోజూ ఎన్ని కట్టెలు ఖర్చయ్యాయో కొన్ని రోజులపాటు తూచడం. ఈ మూడవదే అసలైన పరీక్ష అని ఆనాటి నిపుణులకు తెలియకపోలేదు. కానీ అది ఖర్చుతోనూ ఓపికతోనూ కూడినది. చుట్టాలు వస్తారు, పండుగ వస్తుంది, కోడలు పుట్టింటికి వెళుతుంది, పొరుగింటివారు నిప్పు అడిగి తీసుకుపోతారు. ఈ హెచ్చుతగ్గుల నడుమ తేడా కనిపించాలంటే పదుల ఇళ్ళు కావాలి. అందుచేత ఆచరణలో మొదటి పరీక్షే మిగిలింది.

ఆ మొదటి పరీక్షలోని లెక్క ఒకసారి వేసి చూద్దాం. ఐదు లీటర్ల నీళ్ళను 30 డిగ్రీల నుంచి మరుగు దాకా తీసుకురావడానికి సుమారు 1,465 కిలోజౌళ్ళ వేడి కావాలి. ఒక లీటరు నీటిని ఆవిరి చేయడానికి సుమారు 2,260. అంటే రెండుమూడు గ్లాసుల నీళ్ళు ఊరికే ఆవిరైపోతే, ఐదు లీటర్లు కాచినంత 'ఉపయోగం' జరిగినట్టే దక్షత లెక్క చెబుతుంది. వంటచేసే ఆవిడకు ఆ ఆవిరితో పనేమిటి? పప్పు మెత్తబడడానికి మరుగు తగ్గకుండా ఉంటే చాలు, తెర్లి పొంగిపోనక్కరలేదు. మంటను అదుపు చేయలేని పొయ్యి పరీక్షలో నెగ్గి, మంట తగ్గించి మగ్గబెట్టగల పొయ్యి ఓడిపోవడం ఈ లెక్కలోని వింత. మన భారతీయ ప్రమాణాల సంస్థ పద్ధతి ఈ విషయంలో కొంత నయం: నీళ్ళు మరగకముందే, 95 డిగ్రీల దగ్గర గిన్నె దించి మరో గిన్నె పెడతారు. కానీ అక్కడ వాడే కట్టెలు చదరపు బద్దలుగా కోసి, తేమ ఐదు శాతం ఉండేట్టు ఎండబెట్టినవి. శ్రావణమాసంలో అటువంటి కట్టె ఏ దొడ్లో దొరుకుతుందో!

ఇక అసలు వంటింటి సంగతి. వరంగల్లు వైపు పత్తికట్టె, కందికట్టె. అవి భగ్గున మండి ఇట్టే ఆరిపోతాయి కనుక మనిషి పొయ్యి దగ్గరనుంచి కదలడానికి వీల్లేదు. తీరంలో సరుగుడు. అన్నిచోట్లా తుమ్మ, పిడక. అన్నానికి ఎసరు పెట్టినప్పుడు పెద్దమంట, గంజి వార్చాక కట్టెలు వెనక్కి లాగి నిప్పుల మీద ఉమ్మగిలనివ్వడం. జొన్నరొట్టెకు పెనమంతా సమానంగా కాలాలి. రాయలసీమలో సంగటి కెలికేటప్పుడు కట్టెతో గిన్నెను అదిమిపట్టి బలంగా తిప్పాలి, తేలికపాటి రేకుపొయ్యి అయితే గిన్నెతో సహా పక్కకు ఒరుగుతుంది. మధ్యలో పసిపిల్ల ఏడుస్తుంది. కట్టెలు చివరిదాకా కాలి బయటికి జారి పొగ చిమ్ముతాయి. ఊదుగొట్టంతో ఊదితే మళ్ళీ అంటుకుంటాయి. పొగలో అధికభాగం వచ్చేది సరిగ్గా ఇటువంటి ఘడియల్లోనే, అంటే వెలిగించేటప్పుడు, కట్టె కొత్తగా దోపినప్పుడు, మంట ఆరి కనకన మిగిలినప్పుడు. పరిశోధనశాలలో ఈ ఘడియలను వీలైనంత తగ్గించి మరీ పరీక్ష చేస్తారు.

దక్షతలో రెండు పాళ్ళున్నాయి. కట్టెలోని శక్తి ఎంత పూర్తిగా మండిందన్నది ఒకటి. మండిన వేడి గిన్నెకు ఎంత చేరిందన్నది మరొకటి. గిన్నెను మంటకు దగ్గరగా దించి, సందులు ఇరుకు చేస్తే రెండవది పెరుగుతుంది. అయితే మంట చల్లని గిన్నె అడుగుకు తగిలి, పూర్తిగా మండకుండానే మసిగా మారి మొదటిది తగ్గుతుంది. కట్టెలు ఆదా అవుతాయి, కిలో కట్టెకు వచ్చే పొగ పెరుగుతుంది. మన దేశంలో 1983లో మొదలై, 2002 దాకా కేంద్రం నడిపిన మెరుగైన పొయ్యిల జాతీయ కార్యక్రమం కింద మూడుకోట్లకు పైగా పొయ్యిలు పంచారు. వాటికి ప్రధానమైన అర్హత దక్షతే: కట్టుడు పొయ్యికి 20 శాతం, కదిలించగలిగేదానికి 25 శాతం. 2000లో కిర్క్ స్మిత్ ప్రభృతులు ప్రకటించిన కొలతలలో వీటిలో కొన్ని రకాలు పాతపొయ్యి కన్నా ఎక్కువ కాలీకాలని వాయువులు వదులుతున్నట్టు తేలింది. పొగగొట్టం ఉన్నచోట ఆ పొగ వాకిట్లోకి పోతుంది. అక్కడినుంచి పక్కింటి కిటికీ ఎంత దూరం?

పొగను తిరిగి ముందుకు తెచ్చిన ఘనత ఈ కిర్క్ స్మిత్‌దే (2020లో కన్నుమూశారు). ఆయనా, అగర్వాల్, దవే అనే సహచరులూ గుజరాతు పల్లెల్లో వంట చేస్తున్న స్త్రీల ఒంటికే చిన్న పంపును తగిలించి, వాళ్ళు పీల్చే గాలిని వడపోత కాగితం మీద పట్టి తూచారు. 1983లో ప్రకటించిన ఆ ఫలితం ఘనపుమీటరుకు సగటున ఏడు మిల్లీగ్రాముల ధూళి. పొయ్యిని వదిలి మనిషిని కొలవడమన్న ఆలోచన నాకు ఈ చరిత్రలోకెల్లా గొప్ప మలుపుగా తోస్తుంది.

పొయ్యినే ఇంట్లో కొలవడం మాత్రం చాలాకాలం సాధ్యపడలేదు. పొగనంతటినీ పట్టడానికి పొయ్యి మీద పెద్ద గొడుగు బిగిస్తే అది ఇక వంటిల్లు కాదు. దీనికి దొరికిన ఉపాయం కర్బనపు పద్దు. కట్టెలోని కర్బనమంతా బొగ్గుపులుసు వాయువుగానో, కార్బన్ మోనాక్సైడుగానో, మసిగానో, మరికొన్ని వాయువులుగానో బయటికి రావలసిందే. కాబట్టి పొగలో కొంచెం నమూనా తీసుకుని వీటి పాళ్ళు చూస్తే, కిలో కట్టెకు ఎంత మసి వచ్చిందో చెప్పవచ్చు. మొత్తం పొగతో పనిలేదు. ఈ పద్ధతితో టామీ బాండ్ బృందం హోండురాస్ ఇళ్ళలో కొలిచి 2009లో ప్రకటించిన మాట ఇది: నిజమైన వంటలో వెలువడే ధూళి పరిశోధనశాల అంచనాకు సగటున మూడురెట్లు. కట్టె పేర్చే మనిషి శ్రద్ధ, నేర్పు ఫలితాన్ని ఎంతగానో మారుస్తాయని కూడా వాళ్ళు గుర్తించారు. పరిశోధనశాలలో పొయ్యి దగ్గర కూర్చునే ఉద్యోగికి వేరే పని ఉండదు కదా.

మన పల్లెల లెక్క 2004లో వచ్చింది. చెన్నైలోని శ్రీరామచంద్ర వైద్యకళాశాలకు చెందిన కల్పనా బాలకృష్ణన్, సహచరులు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో నిజామాబాదు, వరంగల్లు, రంగారెడ్డి జిల్లాల్లో సుమారు 420 ఇళ్ళలో ఇరవైనాలుగు గంటలపాటు గాలిని కొలిచారు. ఊపిరితిత్తుల లోతుకు చేరగల ధూళి గ్యాసు వాడే ఇళ్ళలో ఘనపుమీటరుకు 73 మైక్రోగ్రాములుంటే, కట్టెలూ పిడకలూ వాడే ఇళ్ళలో 732 దాకా ఉంది. ఎవరెవరు ఎంతసేపు ఎక్కడ ఉన్నారో కూడా రాసుకున్నారు. ఆడవారిలో 15 నుంచి 40 ఏళ్ళవారికి పొగ ఎక్కువ. మగవారిలో ఎవరికో తెలుసా? 65 దాటిన వృద్ధులకు. ఇంటిపట్టున ఉండేది వాళ్ళే కనుక. ఏ నీళ్ళ గిన్నె పరీక్షా ఆ ముసలాయన్ను చూపించలేదు. అప్పటికి 1999లో మొదలైన దీపం పథకం కింద రాష్ట్రంలో లక్షలాది గ్యాసు కనెక్షన్లు ఇచ్చారు. తీసుకున్నవారిలో చాలామంది టీకి, పొద్దుటి తొందర వంటకు గ్యాసును వాడి, అన్నానికీ స్నానపు నీళ్ళకూ కట్టెపొయ్యినే కొనసాగించారు. సిలిండరు ధర అటువంటిది మరి. 2016లో మొదలైన ఉజ్జ్వలకూ ఇదే చిక్కు ఎదురైంది.

కొత్త పొయ్యి ఆశించినంత మేలు చేయనప్పుడు 'ఆడవాళ్ళకు వాడడం రావడం లేదు, నేర్పించాలి' అన్న వాక్యం నివేదికలలో తరచు కనబడుతుంది. చదివినప్పుడల్లా కోపం వస్తుంది. ఒడిశాలో రేమా హన్నా, ఎస్తేర్ డుఫ్లో, మైకేల్ గ్రీన్‌స్టోన్ రెండువేల అయిదువందలకు పైచిలుకు కుటుంబాలను నాలుగేళ్ళు అనుసరించారు. మెరుగైన మట్టిపొయ్యివల్ల మొదటి ఏడు పీల్చే పొగ కొంత తగ్గి, తరువాత ఆ తేడా మాసిపోయింది. పొయ్యిలు పగిలాయి, పొగగొట్టాలు పూడుకుపోయాయి, వాడకం తగ్గింది. ఇందులో ఆడవాళ్ళ తప్పు ఎంత, రోజుకు రెండుపూటలా ఏళ్ళ తరబడి వాడిచూడకుండానే ఊళ్ళకు పంపినవారి తప్పు ఎంత? పొయ్యికి గుండీ అంత ఉష్ణమాపకం అతికించి, ఏ రోజు ఏ పొయ్యి వెలిగిందో నెలల తరబడి నమోదు చేసే పద్ధతి ఆ తరువాతనే విస్తరించింది. వాడుతున్నారా అని అడిగితే మర్యాదకు 'ఆఁ' అనే జవాబు దీనితో అవసరం లేకపోయింది.

ఇది పేదదేశాల బెడద మాత్రమే అనుకోనక్కరలేదు. అమెరికాలో చలికాచుకునే కట్టెపొయ్యిలకు 1988 నుంచి కేంద్ర ప్రమాణాలున్నాయి. చిరకాలం ఆ పరీక్షలు చక్కగా కోసి మేకులతో చట్రంగా కొట్టిన కలపతోనే జరిగాయి. మామూలు కట్టెమొద్దులతో పరీక్షించే వీలు 2015 సవరణతో గాని రాలేదు. 2023లో ఆ దేశపు పర్యావరణ సంస్థ తనిఖీ విభాగమే, సంతకాలు పొందిన పొయ్యిలు సరిగ్గా పరీక్షింపబడ్డాయన్న భరోసా లేదని నివేదిక ఇచ్చింది.

మన ప్రమాణం 1991 నాటిది. 2013లో సవరించినప్పుడు మొదటిసారిగా ధూళికి పరిమితి పెట్టారు: పంకా లేని పొయ్యికి గిన్నెకు చేరిన ఒక్కో మెగాజౌలుకు 350 మిల్లీగ్రాములు, పంకా ఉన్నదానికి 150. కొలిచేది మాత్రం ఎండిన చదరపు కట్టెతో, నీళ్ళ మీదే. అంతర్జాతీయంగా 2018లో పరిశోధనశాల పద్ధతికీ, 2019లో ఇళ్ళలో కొలిచే పద్ధతికీ వేరువేరు ప్రమాణపత్రాలు వచ్చాయి. 1982లో మూడవ అంచెగా పక్కన పెట్టేసిన వంటింటికి విడిగా ఒక పుస్తకం దక్కడానికి ముప్పయ్యేడేళ్ళు పట్టింది.