వూరి మాట రేడియోకెక్కిన కథ



ఒకమాటు రేడియోలో వరి నారుమళ్ళ గురించి పది నిమిషాలు ప్రసంగించాను. ఆ తరువాత పొలం గట్టున కలిసిన ఒక పెద్దాయన, "బాబూ, నువ్వు చెప్పింది విన్నాం, బాగానే వుంది. మరి మా చెరువు తూము పాడైన సంగతి ఆ పెట్టెకు ఎవరు చెబుతారయ్యా?" అని అడిగాడు. నాకు జవాబు తోచలేదు. ఈ ప్రశ్నకు జవాబు వెతికినవారు మనకు ముందే వున్నారు. ఈవేళ వారి సంగతి చెప్పుకుందాం.

కెనడా దేశంలో ఒక పొలానికీ మరో పొలానికీ మధ్య చాలా దూరం. చలికాలమంతా మంచు. అక్కడ 1941లో రేడియో సంస్థ, వయోజన విద్యా సంఘం, రైతు సమాఖ్య, ఈ మూడూ కలిసి ఒక ఏర్పాటు చేశాయి. వారానికొక రాత్రి ఇరుగుపొరుగు రైతులు ఒకరి ఇంట చేరేవారు. ముందుగా అచ్చులో వచ్చిన విషయం చదువుకుని, రేడియోలో చర్చ విని, తరువాత తమలో తాము మాట్లాడుకునేవారు. అంతటితో సరిపెట్టలేదు. తమ అభిప్రాయాలు కాగితం మీద పెట్టి పోస్టులో పంపేవారు. వాటి సారాంశం మళ్ళీ రేడియోలో వచ్చేది. చదువు, విను, చర్చించు, ఆచరించు అన్నది వారి నినాదం. 1965 దాకా ఇది నడిచింది.

ఆ పద్ధతి మన దేశానికి 1956లో వచ్చింది. అప్పటి బొంబాయి రాష్ట్రంలో, పూనా ఆకాశవాణి కేంద్రం నుంచి, యునెస్కో సహాయంతో ప్రయోగం చేశారు. అయిదు జిల్లాలలో నూటయాభై గ్రామాలు ఎంచుకున్నారు. ఒక్కొక్క వూళ్ళో ఇరవైమంది దాకా సభ్యులు, ఒక అధ్యక్షుడు, చర్చలో తేలినది రాసి పంపడానికి ఒక కార్యదర్శి. వారానికి రెండు సాయంత్రాలు, అరగంట చొప్పున మరాఠీలో కార్యక్రమం. పది వారాలలో ఇరవై కార్యక్రమాలు జరిగాయి. సేద్యం, పశువులు, ఆరోగ్యం, చదువు, గ్రామ పరిపాలన, అన్నీ చర్చకు వచ్చాయి. గ్రామాల నుంచి వచ్చిన ప్రశ్నలకు రేడియోలోనే జవాబులు చెప్పేవారు. తన వూరి పేరు రేడియోలో పలికితే సంతోషించని మనిషి ఎవరుంటారు?

ఈ ప్రయోగం ఫలించిందా లేదా అన్నది ఊహకు వదిలిపెట్టలేదు. బొంబాయిలోని టాటా సామాజిక శాస్త్రాల సంస్థవారు వూళ్ళకు వెళ్ళి, కార్యక్రమాలకు ముందొకసారి, తరువాత ఒకసారి జనాన్ని ప్రశ్నించారు. గోష్ఠి జరిగిన వూళ్ళు, రేడియో సెట్టు వుండి గోష్ఠి లేని వూళ్ళు, సెట్టే లేని వూళ్ళు, ఈ మూడు రకాలనూ పోల్చి చూశారు. గోష్ఠి జరిగిన వూళ్ళలో తెలివిడి బాగా పెరిగింది. వట్టి సెట్టు వున్నచోట పెరిగింది కొద్దే. మనబోటి ఉద్యోగులు దీన్ని రెండుసార్లు చదువుకోవాలి. మాట అదే, పెట్టె అదే. తేడా అంతా పెట్టె కట్టేసిన తరువాత జరిగిన మాటల్లో వుంది. చదువురానివారు కూడా చర్చలో పాల్గొని నేర్చుకున్నారు. కొన్ని వూళ్ళలో గోష్ఠి కాస్తా తీర్మానాలు చేసే సభ అయింది. బావులు తవ్వించారు, మేలుజాతి ఆబోతులను, లెగ్‌హారన్ కోళ్ళను కొన్నారు, బాలవాడీలు పెట్టారు. ఆకాశవాణి పెద్దలలో ఒకరైన జగదీశ్ చంద్ర మాథుర్, సమాజ శాస్త్రజ్ఞుడు పాల్ న్యూరత్ ఈ వివరాలను 1959లో గ్రంథంగా వెలువరించారు. ఆ ఏడే గోష్ఠులను దేశంలోని ఇతర ప్రాంతాలకూ విస్తరింపజేయడం మొదలయింది.

మరి అవి తరువాత ఎందుకు సన్నగిల్లాయి? ట్రాన్సిస్టరు వచ్చి ఎవరి రేడియో వారి చంకలోకి చేరింది, పదిమందీ ఒకచోట కూర్చోవడం తగ్గింది అంటారు. అది కొంతవరకు నిజమే. కాని నా మట్టుకు నాకు తోచేది మరొకటి వుంది. రాసిన ప్రశ్నకు జవాబు రాకపోతే, అడిగిన విత్తనం అదనుకు అందకపోతే, రెండోసారి కార్డు ఎవరు రాస్తారు? ఆ తప్పు రైతుది కాదు.

ఇంకొక అడ్డంకి చట్టంలో వుంది. రేడియో కేంద్రం పెట్టే హక్కు ప్రభుత్వం చేతిలోనే వుండేది. 1995లో సుప్రీంకోర్టు, గాలిలో సాగే తరంగాలు ప్రజల ఆస్తి అని తీర్పు చెప్పింది. ఆ తీర్పు ఇచ్చినవారిలో మన తెలుగువారైన జస్టిస్ జీవన్‌రెడ్డి ఒకరు. 2002లో విద్యాసంస్థలకు, 2006లో స్వచ్ఛంద సంస్థలకు చిన్న రేడియో కేంద్రాలు నడుపుకునే వీలు కలిగింది.

ఈ అనుమతి కోసం మన మెదక్ సీమ ఆడవాళ్ళు అంతకు ముందునుంచే కాచుకుని వున్నారు. జహీరాబాదు దగ్గర మాచునూరులో, దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అండతో, 1998లోనే స్టూడియో సిద్ధమయింది. మాటలు రికార్డు చేయడం నేర్చుకున్నారు. ప్రసారానికి మాత్రం అనుమతి లేదు. అయినా చేతులు ముడుచుకు కూర్చోలేదు. టేపులు తీసుకుపోయి సంఘం కూటాలలో వినిపించారు. అట్లా పదేళ్ళు గడిచాక, 2008 అక్టోబరు 15న సంఘం రేడియో గాలిలోకి వచ్చింది. దాన్ని నడిపినవారు నర్సమ్మ అనే పేరుగల ఇద్దరు దళిత యువతులు. జొన్నలు, కొర్రలు, విత్తనాల దాపు, నాటు మందులు, పండుగలు, పాటలు అన్నీ వాళ్ళ సొంత యాసలోనే ప్రసారమయ్యాయి. నావంటి డిప్లొమావాడు "చిరుధాన్యాల సాగు యాజమాన్యం" అనే విషయాన్ని వాళ్ళు "జొన్న ఎట్ల దాచాలె" అంటే చాలు, వినేవాళ్ళకు తెలిసిపోతుంది. ప్రసారం అందేది చుట్టుపక్కల కొద్ది మైళ్ళ వరకే. చెప్పే మనిషీ వినే మనిషీ ఒకే సంతకు పోయేవాళ్ళు కనుక, తప్పు చెబితే సంతలోనే నిలదీస్తారు.

2006 నాటి నిబంధనలలో ఒక చిక్కు వుంది. ఇలాంటి కేంద్రాలు వార్తలు, రాజకీయ విషయాలు చెప్పకూడదన్నారు. ఎన్నికల ప్రచారం వద్దంటే సరే, ఒప్పుకుంటాను. కాని వూళ్ళో మాటలను అలా గిరిగీసి వేరుచేయగలమా? మురుగు కాలువ తీయించలేదు, పిల్లలకు విరేచనాలు పట్టుకున్నాయి అని ఒక తల్లి మైకు ముందు చెబితే అది ఆరోగ్యమా, రాజకీయమా? మా పెద్దాయన తూము మాట సేద్యంలోకి వస్తుందా, పంచాయతీలోకి వస్తుందా? పూనా గోష్ఠులలో వీటన్నిటినీ ఒకే చాప మీద కూర్చుని మాట్లాడుకున్నారు.